మామిడి పూత మీద నాలుగు మందులు కలిపి కొట్టమంటున్నారు, ఏం చేయాలి?

పాకాల_తోట
అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె, ఆరెకరాల మామిడి, ఎక్కువ భాగం తోతాపురి, కొంచెం బేనీషా. ఈసారి పూత బాగా వచ్చింది కానీ తేనెమంచు పురుగు కూడా దానికి తగ్గట్టే ఉంది. సాయంత్రం పూట కొమ్మ కదిలిస్తే చిటపటమని మొహం మీదకి ఎగురుతున్నాయి, కింది ఆకులన్నీ బంక పట్టి మెరుస్తున్నాయి, కొన్ని చెట్లకి అప్పుడే నల్లగా మసి మొదలైంది. షాపులో అడిగితే రెండు పురుగుమందులు, బూడిద తెగులుకి ఒకటి, పూత రాలకుండా ఒక టానిక్, నాలుగూ ఒకే ట్యాంకులో పోసి కొట్టేయమన్నారు. ఊళ్లో అందరూ కొట్టారు, మనం ఊరుకుంటే పురుగంతా మన తోటకే వస్తుందని నాన్న ఒకటే టెన్షన్. నాకేమో పక్క చేనులో మల్బరీ ఉంది, వాళ్ల పట్టుపురుగులకి ఏమన్నా అవుతుందేమోనని భయం. పూత సగం చెట్లకి విచ్చుకుంది, మిగతా సగం ఇంకా మొగ్గ మీదే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, రేపో ఎల్లుండో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అగ్రి_తిరుపతి
తమ్ముడూ, కొట్టాలా వద్దా అనేది షాపులో తేలదు, చెట్టు దగ్గరే తేలుతుంది. రేపు పొద్దున ఎండ ఎక్కకముందు తోటలో ఆ చివర, ఈ చివర, మధ్యలో కొన్ని చెట్లు ఎంచుకుని, ఒక్కో చెట్టుకి నాలుగు దిక్కులా ఒక్కో పూగుత్తి దగ్గరగా చూడు. గుత్తికి సగటున ఐదుకి మించి పురుగులుంటేనే మందు సంగతి ఆలోచించు. ఒకటీ రెండూ ఉంటే సాలీళ్లు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు లాంటి మిత్రపురుగులే వాటిని తినేస్తాయి.

ఇంకో మాట, ఇది మన జిల్లాలో చాలామంది పట్టించుకోరు. పువ్వు విచ్చుకున్నాక పురుగుమందు కొట్టకూడదు. మామిడి పూతకి పరాగ సంపర్కం చేసేవాటిలో ఎక్కువ వంతు ఈగలదే, తేనెటీగలు కొంతవరకే. ఒక గుత్తిలో వందల పూలుంటాయి, వాటిలో ఎక్కువ మగ పూలే, కాయ పట్టగలిగేవి కొన్నే. ఆ కొన్నిటి మీద ఈగ వాలకపోతే పూత ఎంత దండిగా ఉన్నా పిందె నిలవదు. అప్పుడు 'పూత బాగా వచ్చింది, కాయ పట్టలేదు, ఇంకో టానిక్ ఇవ్వు' అని మళ్లీ అదే షాపుకి పోతాం. మొదటి మందు గుత్తి సాగుతూ మొగ్గలు ఇంకా మూసుకుని ఉన్నప్పుడు కొట్టాలి. రెండోది, అదీ అవసరమైతేనే, పిందె బఠాణీ గింజంత అయ్యాక. మధ్యలో ఆగాల్సిందే.

ఆ రెండు పురుగుమందుల డబ్బాల మీద కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. అది చూసి ఇక్కడ రాయి.

పాకాల_తోట
చూశాను సార్. ఒకదాని మీద ఇమిడాక్లోప్రిడ్, రెండోదాని మీద థయోమిథాక్సామ్. తెగులు మందు హెక్సాకొనజోల్. టానిక్ డబ్బా మీద అసలు మందు పేరే లేదు, 'పూర్తిగా బయో' అని మాత్రం పెద్దగా ఉంది.

అగ్రి_తిరుపతి
అనుకున్నాను. ఆ రెండు పురుగుమందులూ ఒకే జాతివి, నియోనికోటినాయిడ్లు. పురుగు నరాల మీద రెండూ ఒకే చోట పనిచేస్తాయి. రెండు పేర్లకి డబ్బు పెడుతున్నావు, పని ఒకటే. పైగా పదేపదే ఒకే జాతి మందు కొడితే తట్టుకుని బతికిన పురుగే పిల్లలు పెడుతుంది, కొన్నేళ్లకి ఆ తోటలో ఆ మందు పనిచేయదు. అప్పుడు మోతాదు పెంచుతారు. తేనెటీగలకి జరుగుతున్న నష్టం చూసి యూరప్ దేశాల్లో ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, క్లోథయానిడిన్ ఈ మూడింటినీ 2018లో ఆరుబయట పంటల మీద వాడకుండా ఆపేశారు. మన దగ్గర వాడకానికి అనుమతి ఉంది, కానీ పూత మీద కొడితే ఇక్కడి ఈగలకీ తేనెటీగలకీ అయ్యే హాని అదే.

'బయో' డబ్బా మీద సీఐబీ (కేంద్ర పురుగుమందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరుందా చూడు. పురుగుని చంపుతుందని అమ్మే ఏ మందుకైనా, వేప నూనె అయినా సరే, ఆ నంబరు ఉండాలి. నంబరూ లేక, లోపల ఏముందో రాయకపోతే దాన్ని ట్యాంకులో పోయొద్దు. బయో పేరుతో మామూలు రసాయన పురుగుమందే కలిపి అమ్మిన కేసులు చాలా బయటపడ్డాయి.

పట్టు_పలమనేరు
పక్క చేను మల్బరీ అని రాశారు కాబట్టి ఇది చదవండి అన్నా. మా దగ్గర ఒకసారి పక్కన టమాటాలో పురుగుకి మందు కొట్టారు, గాలి మా వైపు ఉంది, మాకు చెప్పలేదు. మరుసటి రోజు కోసిన ఆకు వేశాం. నాలుగో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే దశ) దాటి ఆకు మీద పడి తినాల్సిన పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి, నోట్లోంచి ఆకుపచ్చ రసం కక్కాయి, ఒళ్లు కుంచించుకుపోయి చిన్నగా అయిపోయాయి. కొన్ని చంద్రికల (గూడు కట్టడానికి పురుగుల్ని వేసే తట్టల) దాకా వచ్చాయి కానీ గూడు కట్టలేదు. ఆకు మీద మచ్చ లేదు, వాసన లేదు. పట్టుపురుగు కూడా గొంగళి పురుగే కదా, గొంగళి పురుగుని చంపడానికి చేసిన మందు దాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? టమాటాలో ఎక్కువగా వాడే క్లోరాంట్రానిలిప్రోల్ పట్టుపురుగుకి చాలా ప్రమాదమని డబ్బా మీదే ఉంటుంది, ఎవరు చదువుతారు.

కాబట్టి మందు కొట్టే రెండు రోజుల ముందే పక్క వాళ్లకి ఒక మాట చెప్పండి. ఆకు ముందే కోసి నిలవ పెట్టుకుంటారు, లేదంటే అటు చివర మడిలో కోసుకుంటారు. గాలి మీ నుంచి వాళ్ల వైపు ఉంటే ఆ పూట మానేయండి. సరిహద్దు వరస చెట్లకి అసలు కొట్టకపోతే ఇంకా మంచిది.

మందుల_షాపు
షాపు వాళ్ల మీద అందరూ పడతారని తెలుసు, అయినా రాస్తున్నాను. నాకు పూతలపట్టు వైపు షాపు ఉంది, మందుల డీలర్లకి వ్యవసాయం నేర్పే 'దేశీ' (DAESI) డిప్లొమా కూడా చేశాను. ఒకే జాతి మందులు రెండు ఇవ్వడం తప్పు, అందులో వాదన లేదు. కానీ కౌంటర్ దగ్గర జరిగేది కూడా వినండి. రైతు ఆకు తీసుకురాడు, ఫోటో తీసుకురాడు, 'పురుగు పడింది, పవర్‌ఫుల్‌ది ఇవ్వు' అంటాడు. ఒక్క మందు ఇస్తే నమ్మకం ఉండదు, పక్క షాపులో మూడు ఇస్తే అటు పోతాడు. పంట వచ్చాక ఇస్తానని అప్పు రాస్తాడు, అప్పు మీద తీసుకున్నప్పుడు ఏ మందు అనేది షాపు వాడి చేతికి పోతుంది. కంపెనీ వాళ్లు టార్గెట్లు పెడతారు. ఇదంతా కలిస్తే నాలుగు డబ్బాలవుతాయి.

ఏ షాపులో కొన్నా బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మందు నకిలీదైనా, పూత మాడిపోయినా ఎక్కడా ఫిర్యాదు నిలవదు. అప్పు మీద కొన్నా బిల్లు అడిగే హక్కు మీకుంది.

చంద్రగిరి_అక్క
అందరూ చెట్టు గురించి, పురుగు గురించి రాస్తున్నారు. కొట్టే మనిషి గురించి నేను రాస్తాను. మా ఇంటాయన కూలికి స్ప్రే పనికి పోతాడు. వీపు మీద ట్యాంకు మూత దగ్గర కారుతూ ఉంటుంది, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, మామిడి చెట్టుకి తల పైకెత్తి కొట్టాలి కాబట్టి తుంపరంతా మొహం మీదకే దిగుతుంది. తోట వాళ్లు మందుకి వేలు పెడతారు, గ్లౌజులకి మాత్రం పెట్టరు. ఒక రోజు సాయంత్రం ఇంటికొచ్చి కళ్లు మసకగా ఉన్నాయన్నాడు, చెమట ఆగలేదు, నోట్లో ఉమ్మి ఊరుతూనే ఉంది, కంటి పాప ఆవగింజంత అయిపోయింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇవ్వమన్నారు పక్కింటి వాళ్లు. నేను వినకుండా ఆసుపత్రికి తీసుకుపోయాను. మందు డబ్బా కూడా పట్టుకుపోయాను, డాక్టరు మొదట అడిగింది అదే.

అగ్రి_తిరుపతి
అక్కా, మీరు డబ్బా తీసుకుపోవడం చాలా పెద్ద సాయం. మీరు చెప్పినవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ మందుల విష లక్షణాలే, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ ఇవన్నీ ఆ జాతివే. వాటికి అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది, టైముకి పడితే మనిషి నిలబడతాడు. కలుపు మందు పారాక్వాట్‌కి విరుగుడే లేదు. మహారాష్ట్ర యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, అక్కడా ఇలాగే మందులు కలిపి కొట్టారు, పంట మనిషెత్తు పెరిగి ఉంది.

తోట ఉన్నవాళ్లందరికీ చెప్తున్నా, మందు నోట్లోంచి కంటే చర్మంలోంచే ఎక్కువ పోతుంది. కారే ట్యాంకు ఇచ్చి మనిషిని తోటలోకి పంపొద్దు. ఎండ పూట కొట్టించొద్దు, చెమట పట్టిన చర్మం ఇంకా తొందరగా పీలుస్తుంది. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు, మూతికి గుడ్డ, పని అయ్యాక కాళ్లూ చేతులూ కాదు, సబ్బుతో పూర్తి స్నానం. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. డబ్బా మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది చూడండి, కింది సగం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదని కాదు, తక్కువ విషం అని.

నేచురల్_కుప్పం
ఇన్ని చెప్పుకునే కంటే మందు మానేస్తే పోయేది కదా. రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది, మా మండలంలో చాలామంది ద్రవ జీవామృతం, నీమాస్త్రం, అగ్నిఅస్త్రం లాంటి ఇంట్లో తయారుచేసుకునే ద్రావణాలతోనే పంట తీస్తున్నారు. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లుకుంటే నేల ఎప్పుడూ కప్పి ఉంటుంది, వానపాము తిరిగొస్తుంది. మా టమాటా గట్ల మీద బంతి, అలసంద, చుట్టూ జొన్న వేస్తాం. శనగపచ్చ పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెడుతుంది, తెల్లదోమకి జొన్న అడ్డం పడుతుంది. ఇవన్నీ ఉంటే మందు దాకా పోవాల్సిన రోజులే తక్కువ.

పుంగనూరు_టమాటా
అన్నా, నువ్వు చెప్పింది కాదనను, బంతి నేనూ వేస్తాను. కానీ ట్యూటా పడ్డాక చూశావా? 2014లో మహారాష్ట్రలో మొదట దొరికింది ఆ పురుగు, తర్వాత మన దాకా వచ్చేసింది. ఆకు లోపల రెండు పొరల మధ్య దూరి తింటుంది, బయట కొట్టింది చాలావరకు దానికి తగలదు, నీమాస్త్రమైనా అంతే. ఎకరానికి లక్షలు పెట్టి కట్టెలు పాతి తీగ కట్టినవాడికి వారంలో పంట పోతుంటే నువ్వు ఆగగలవా? మగ రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు ముందే పెట్టి, పురుగు దూరిన ఆకులు తుంచి కాల్చి, అప్పటికీ ఆగకపోతే ఒక మందు, అది మళ్లీ వరసగా కొట్టకుండా జాతి మార్చి కొట్టడం, మాకు పనిచేస్తున్నది ఇదే.

అగ్రి_తిరుపతి
ఇద్దరూ చెప్తున్నది దాదాపు ఒకటే, మందు చివరికి రావాలని. ఒకటి మాత్రం కలుపుతాను. అగ్నిఅస్త్రంలో పొగాకు వేసి కాస్తారు, పొగాకులో ఉన్నది నికోటిన్, పైన మాట్లాడుకున్న నియోనికోటినాయిడ్లకి ఆ పేరు వచ్చింది దాని నుంచే. ఇంట్లో తయారుచేశాం కదా అని అది కూడా పూత మీద కొట్టొద్దు, పక్కన మల్బరీ ఉంటే అసలే వద్దు, కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవాల్సిందే.

పట్టు_పలమనేరు
మిత్రపురుగుల మాట వచ్చింది కాబట్టి. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి కనబడింది, ఏడాది రెండేళ్లలో తమిళనాడు అంతా, కర్ణాటక, మన వైపు మల్బరీ మీద కూడా పడింది. తెల్లటి మైనం కప్పుకుని ఉంటుంది, ఏ మందు కొట్టినా పైనే జారిపోయేది, మల్బరీకి గట్టి మందు కొట్టే వీలూ లేదు. కొందరు తోటలే పీకేశారు. 2010లో బెంగళూరు పరిశోధన సంస్థ వాళ్లు ప్యూర్టోరికో నుంచి ఆసెరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగ లాంటి పురుగుని తెప్పించి తోటల్లో వదిలారు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. కొన్ని నెలల్లోనే పిండినల్లి అణిగిపోయింది. దానికొక్కటే షరతు, తోటలో మందు కొట్టకూడదు, కొడితే ముందు చచ్చేది అదే. ఇంకా ఆలోచించండి, మన చేలల్లో పేరు తెలియని ఇలాంటి పురుగులు ఎన్నింటిని ప్రతి వారం చంపుతున్నామో.

ఐరాల_పెద్దాయన
నాయనా, నేను డీడీటీ, గమాక్సిన్ పొడి కాలం చూసినోణ్ని. గమాక్సిన్‌ని 1997లో ఆపేశారు, ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఒక్కోటి ఆపేదాకా 'ఇది లేకపోతే పంటే లేదు' అన్నారు. పంటలు పండుతూనే ఉన్నాయి. శెనక్కాయ చేలో ఎర్ర గొంగళి పురుగు వస్తే మా ఊళ్లో ఏం చేసేవాళ్లం అంటే, తొలి పెద్ద వాన పడ్డాక భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, ఆ రాత్రుళ్లు ఊరంతా గట్ల మీద మంటలు పెట్టేవాళ్లం, వచ్చి పడేవి. ఒక్కడు పెడితే పనికిరాదు, ఊరంతా ఒకే రాత్రి పెట్టాలి. మిగిలిన గొంగళ్లు పాకిపోకుండా చేను చుట్టూ చాలు తీసేవాళ్లం. ఇప్పుడు ఎవడి చేనుకి వాడు, ఎవడి ట్యాంకు వాడిది.

చెరువులో డబ్బాలు కడగడం ఒకటి మానిపించండయ్యా. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపకి ఎంత చెడ్డవో, కడిగిన పొద్దున చెరువు గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చి నీళ్లు పట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు మా దగ్గర. డబ్బా మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లు పొడిచి పాతిపెట్టాలి.

తిరుపతి_గృహిణి
నేను రైతుని కాదు, తిరుపతిలో ఉంటాను, రోజూ కూరగాయలు కొనే మనిషిని. చదువుతుంటే భయమేస్తోంది. టమాటా ఉప్పునీళ్లలో, చింతపండు నీళ్లలో కడిగితే మందు పోతుందా?

పుంగనూరు_టమాటా
అక్కా, పైన అంటుకున్నది చాలావరకు పోతుంది. చెట్టు లోపలికి పీల్చుకున్న అంతర్వాహిక మందు మాత్రం ఎంత కడిగినా పోదు, అది కాయలో ఉంటుంది. దానికి ఒక్కటే దారి, మందు కొట్టాక ఇన్ని రోజుల దాకా కోయకూడదని డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు మేం పాటించడం. నిజం చెప్పాలంటే కిలో వంద దాటిన రోజుల్లో కొట్టిన మరుసటి రోజే కోసేవాళ్లు ఉన్నారు, రేటు రేపు ఉంటుందో లేదో తెలియదు కాబట్టి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని 2005 నుంచే ఉంది, అది తెలిసీ కొట్టినవాళ్లని చూశాను. మార్కెట్ యార్డుల దగ్గరే శాంపిల్ తీసి పరీక్ష చేసే ఏర్పాటు ఉంటే, గడువు పాటించినవాడికి రూపాయి ఎక్కువ వస్తే, ఇది మారుతుంది. ఇప్పుడైతే పాటించినవాడికీ పాటించనివాడికీ ఒకటే రేటు.

పాకాల_తోట
అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున నాన్నని కూడా తోటలోకి తీసుకుపోయి గుత్తులు లెక్కపెట్టాం. దక్షిణం వైపు చిక్కగా, కొమ్మలు కలిసిపోయిన చెట్లలో గుత్తికి పది దాకా ఉన్నాయి, ఉత్తరం వైపు పోయినేడు కొమ్మలు తీసిన చెట్లలో ఒకటి రెండు కూడా కష్టం. నాన్న ఆ తేడా చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత 'అటు వైపు ఎందుకు దండగ' అన్నాడు. పూత విచ్చని చెట్లకే కొడదామని అనుకుంటున్నాం. మిగతావాటికి ఏం చేయాలి? బూడిద తెగులు సంగతి కూడా చెప్పండి సార్.

అగ్రి_తిరుపతి
చాలా సరైన పని చేశారు. ఆ తేడాకి కారణం వెలుతురూ గాలీ, తేనెమంచు పురుగు నీడా తేమా ఉన్నచోట పెరుగుతుంది. కాయ కోశాక దక్షిణం వైపు కూడా మధ్య కొమ్మలు తీయించండి, వచ్చే ఏడాది సగం పని అక్కడే అయిపోతుంది.

విచ్చని చెట్లకి రెండింట్లో ఒక్కటే, ఇమిడాక్లోప్రిడ్ లీటరుకి 0.3 మి.లీ., సాయంత్రం ఎండ తగ్గాక. పూత మీదే కాదు, కాండం, పెద్ద కొమ్మల బెరడు పగుళ్ల మీద కూడా తడవాలి, పురుగు దాక్కునేది అక్కడే. రెండో డబ్బా సీలు తీయకపోతే బిల్లుతో వాపసు ఇచ్చేయండి. విచ్చుకున్న చెట్లకి పిందె పడేదాకా ఆగండి, ఆగలేకపోతే వేప నూనె 1500 పీపీఎం లీటరుకి 5 మి.లీ., అదీ చీకటి పడేముందు. బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు సరిపోతుంది, పూత మీద తెల్లటి పొడి కనబడ్డ చెట్లకే కొట్టండి. ఎండలో కొట్టొద్దు, గంధకం పూతని మాడుస్తుంది, వేప నూనెతో కలపొద్దు.

కాయ ఎదిగాక పండు ఈగ వస్తుంది. దానికి మిథైల్ యూజినాల్ ఎరలు ముందే కట్టండి. వాటికి మగ ఈగలే వస్తాయి కాబట్టి చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా కడితేనే ఫలితం, ఒక్కరు కడితే పక్క తోట నుంచి వచ్చి గుడ్లు పెడతాయి. రాలిన కాయలు ఏరి లోతుగా పాతిపెట్టాలి, పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అయ్యేది అక్కడే. 2014లో యూరప్ మన మామిడిని కొన్ని నెలలు ఆపేసింది ఈ ఈగ వల్లే.

పట్టు_పలమనేరు
పాకాల అన్నా, పక్క మల్బరీ వాళ్లకి చెప్పారా?

పాకాల_తోట
చెప్పాను అన్నా. వాళ్ల పురుగులు ఇప్పుడు మూడో జ్వరంలో ఉన్నాయంట, లేచాక ఆకు చాలా కావాలి కాబట్టి ముందే అటు చివర నుంచి కోసుకుంటామన్నారు. సరిహద్దు వరస చెట్లు వదిలేస్తున్నాం. స్ప్రే చేసే ఆయనకి గ్లౌజులు, కళ్లద్దాలు చిత్తూరులో తెప్పించాను, కారే ట్యాంకు మూతకి వాషర్ మార్చాం. గాలి చూసుకుని ఎల్లుండి సాయంత్రం కొడతాం. పిందె పడ్డాక గుత్తులు మళ్లీ లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.